నీలి తిమింగలం రోజుకు 4 కోట్ల క్రిల్ తింటుందా? ఈ లెక్క ఎక్కడో తేడా కొడుతోంది

#1 బోర్డురాత
ఒక సైన్స్ ప్రదర్శనకు గోడబోర్డు తయారవుతోంది. ప్రస్తుతం దాని మీద ఉన్న వాక్యం: "నీలి తిమింగలం రోజుకు 4 టన్నులు, అంటే 4 కోట్ల చిన్న రొయ్యలను తింటుంది." పక్కన 6 సెంటీమీటర్ల అంటార్కిటికా క్రిల్ (రొయ్యలా కనబడే చిన్న సముద్రజీవి) బొమ్మ. ఇంకోచోట చూస్తే 16 టన్నులని ఉంది. మరోచోట 40 లక్షల క్రిల్ అని ఉంది. మూడూ ఒకేసారి నిజం కాలేవు కదా. ఏది ఉంచాలి?

#2 అలలలెక్క
ముందు భాగహారం చేసి చూడండి. 4 టన్నులంటే 40 లక్షల గ్రాములు. దాన్ని 4 కోట్లతో భాగిస్తే ఒక్కో క్రిల్ 0.1 గ్రాము తూగాలి. మీ బొమ్మలో ఉన్నది యూఫాసియా సూపర్బా. బాగా ఎదిగినది 6 సెం.మీ. పొడవు, 1 నుంచి 2 గ్రాముల బరువు ఉంటుంది. దాన్నే తింటే 4 టన్నులకు 20 నుంచి 40 లక్షలు చాలు.

0.1 గ్రాము అంటే సుమారు 2 సెం.మీ. క్రిల్. ఉత్తర పసిఫిక్‌లోని యూఫాసియా పసిఫికా ఆ కొలతకు దగ్గర. పొడవు మూడింతలైతే బరువు మూడు రెట్లు కాదు, ఇంచుమించు 27 రెట్లు పెరుగుతుంది. అందుకే చిన్న జాతి, పెద్ద జాతి కలగలిపితే లెక్క ఒక సున్నా మేరకు తప్పుతుంది. బొమ్మ ఒక సముద్రానిది, అంకె ఇంకో సముద్రానిది. అంతే తేడా.

#3 మంచుఅంచు
పైగా క్రిల్ అంటే ఒక్క జాతి కాదు. 80కి పైగా జాతులున్నాయి. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రంలా అన్నిటికీ ఒకే అంకె వాడటమే ఇక్కడ అసలు తప్పు.

#4 ట్యాగుపెట్టె
4 కీ 16 కీ తేడా వేరే కారణంతో వచ్చింది. పాత అంచనాలు రెండు దారుల్లో వచ్చాయి. వేటలో చంపిన తిమింగలాల పొట్టలో దొరికినదాన్ని తూచడం ఒకటి. చిన్న జంతువుల శక్తి ఖర్చును కొలిచి, దాన్ని 100 టన్నుల శరీరానికి పెంచి లెక్కగట్టడం రెండోది. బతికున్న తిమింగలం ఎంత తింటోందో నేరుగా కొలిచిన వారు లేరు.

2021లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ పద్ధతిని మార్చింది. 2010 నుంచి 2019 దాకా ఏడు జాతుల బలీన్ తిమింగలాలకు (పళ్లకు బదులు నోట్లో జల్లెడలాంటి పలకలున్నవి), మొత్తం 321 జంతువులకు, రబ్బరు కప్పులతో అతుక్కుని కదలికలను నమోదు చేసే ట్యాగులు పెట్టారు. కావలసిన కొలతలు మూడు:

ట్యాగు నుంచి: రోజుకు ఎన్నిసార్లు నోరు తెరిచి దూకింది. వేగం ఒక్కసారిగా పెరిగి, నోరు తెరుచుకోగానే నీటి ఒత్తిడికి ధబేలున పడిపోతుంది. గ్రాఫులో ఈ గుర్తు స్పష్టంగా కనబడుతుంది.
డ్రోన్ ఫొటో నుంచి: శరీరం పొడవు, దాన్నిబట్టి ఒక్కో దూకుకు నోట్లో పట్టే నీళ్లు.
పడవ మీది ఎకోసౌండర్ (నీటిలోకి శబ్దం పంపి ప్రతిధ్వనితో కొలిచే పరికరం) నుంచి: ఆ చోట ఘనపు మీటరుకు ఎన్ని గ్రాముల క్రిల్ ఉంది.

ఈ మూడింటినీ గుణిస్తే తూర్పు ఉత్తర పసిఫిక్ నీలి తిమింగలానికి రోజుకు 16 టన్నుల ప్రాంతంలో వచ్చింది. కానీ అది మేత దొరికే రోజు లెక్క. ఏడాది పొడవునా అలా తినదు. వేసవి, శరదృతువుల్లో తిని కొవ్వు వేసుకుంటుంది. వెచ్చని నీళ్లకు పిల్లల కోసం వెళ్లినప్పుడు తిండి బాగా తగ్గిపోతుంది. 16ను 365తో గుణించి "ఏడాదికి ఇన్ని వేల టన్నులు" అని రాసేవాళ్లు చాలామంది. అది తప్పు.

#5 బోర్డురాత
ఒక్క దూకుకు ఎంత వస్తుందో చిన్న ఉదాహరణ ఇవ్వగలరా? పిల్లలు బోర్డు ముందు నిలబడి వేసుకోగల లెక్కలా ఉండాలి.

#6 ట్యాగుపెట్టె
వీలుకోసం గుండ్రటి అంకెలు తీసుకుందాం. ఒక దూకుకు 80 ఘనపు మీటర్ల నీళ్లు, ఘనపు మీటరుకు అర కిలో క్రిల్ అనుకోండి. 80 × 0.5 = 40 కిలోలు. 16 టన్నులు రావాలంటే 400 దూకులు కావాలి. ఒక మునక 10 నిమిషాలు, పైన ఊపిరికి 3 నిమిషాలు, మునకకు 4 దూకులు అనుకుంటే 24 గంటల్లో దాదాపు 440 వస్తాయి. అంటే రాత్రీపగలూ దాదాపు ఎడతెగకుండా తింటేనే ఆ అంకె.

ఇప్పుడు సాంద్రతను సగం చేయండి. ఘనపు మీటరుకు పావు కిలో అయితే 8 టన్నులే. నోటి పరిమాణంలో తప్పు పడినా పదో ఇరవయ్యో శాతం. సాంద్రతలో తప్పు పడితే ఇలా రెట్టింపో సగమో అయిపోతుంది. ఈ లెక్క మొత్తంలో బలహీనమైన కాలు అదే. ఎకోసౌండర్ సగటు చూపిస్తుంది, తిమింగలం మాత్రం గుంపులో చిక్కటి చోటే ఎంచుకుని దూకుతుంది.

#7 కొత్తనీరు
ఇక్కడ ఒక సందేహం. నోట్లోకి 80 టన్నుల నీళ్లు తీసుకుంటే గొంతులోకి, ఊపిరితిత్తుల్లోకి పోవా? అంత నోరు తెరిస్తే దవడ ఊడిపోదా?

#8 బలీన్‌జల్లెడ
రెండూ మంచి ప్రశ్నలే.

దవడ సంగతి: కింది దవడ రెండు ఎముకలూ గడ్డం దగ్గర ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండవు. మధ్యలో మెత్తటి కీలు ఉంటుంది. ఆ కీలులో ఒక ప్రత్యేక జ్ఞానేంద్రియం ఉన్నట్టు 2012లో బయటపడింది. దవడ ఎంత సాగింది, గొంతు సంచి ఎంత నిండింది అన్నది అది మెదడుకు చేరవేస్తుందని భావిస్తున్నారు. తలకు దవడ అతుక్కునే చోట కూడా మన మోచేతికున్నలాంటి జారుడు కీలు కాదు, నార, మృదులాస్థి కలిసిన దిండు. అందుకే నోరు 80 డిగ్రీల దాకా తెరుచుకుంటుంది. గడ్డం నుంచి బొడ్డు దాకా ఉండే ముడతలు అకార్డియన్ తిత్తిలా విచ్చుకుంటాయి. నాలుక తిరగబడి వెనక్కి సంచిలోకి ఒదిగిపోతుంది.

గొంతు సంగతి: ఫిన్ తిమింగలాల్లో నోటి వెనక భాగంలో కండ, కొవ్వు కలిసిన ఒక బిరడా ఉన్నట్టు 2022లో వివరించారు. నోరు తెరిచినప్పుడు అది గొంతు దారి మూసేస్తుంది. మింగేటప్పుడు పైకి, వెనక్కి జరిగి ముక్కు దారిని కాపాడుతుంది. స్వరపేటిక కూడా ఆ సమయానికి మూసుకుంటుంది.

దూకాక నీళ్లు బయటికి నెట్టడానికి అర నిమిషం నుంచి నిమిషం దాకా పడుతుంది. ఆ నీళ్లు బలీన్ పలకల మధ్య నుంచి పోతాయి. నీలి తిమింగలానికి ఒక్కో వైపు 260 నుంచి 400 పలకలు, సుమారు ఒక మీటరు పొడవు. లోపలి అంచు కుచ్చులా విడిపోయి ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటుంది. అదే జల్లెడ.

#9 అలలలెక్క
ఒక మాట చేరుస్తాను. దూకడం ఖరీదైన పని. నోరు తెరిచిన క్షణం నుంచి నీరు పెద్ద గొడుగులా అడ్డుపడి వేగాన్ని తినేస్తుంది. తర్వాత మళ్లీ సున్నా నుంచి ఊపందుకోవాలి. పల్చటి గుంపు మీద దూకితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. అందుకే మేత పల్చగా ఉన్నప్పుడు నీలి తిమింగలాలు మునకకు దూకులు తగ్గించి ఆక్సిజన్ మిగుల్చుకుంటాయి, చిక్కగా దొరికినప్పుడు దూకుల మీద దూకులు వేస్తాయి. కదలని పెద్ద శరీరం నోరు తెరుచుకుని తేలుతూ ఉంటుందన్న ఊహ సరికాదు.

ఇంకో విశేషం: శరీరం పెరిగే కొద్దీ నోరు అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. పెద్ద నీలి తిమింగలం తన బరువును మించిన నీళ్లు పట్టగలదు. ఈ పద్ధతిలో తినేవాటిలో అన్నిటికంటే చిన్నవి మింకే తిమింగలాలు. అంతకంటే చిన్న శరీరంతో ఇలా తింటే గిట్టుబాటు కాదని 2023లో లెక్కగట్టారు.

#10 కొత్తనీరు
మరి క్రిల్ పారిపోదా?

#11 ప్లవకప్రియ
పారిపోతుంది. తోకను ఒక్కసారి మడిచి కొట్టి వెనక్కి ఎగిరిపడుతుంది, సెకనుకు అర మీటరు కంటే వేగంగా. ఒక చేపకో పెంగ్విన్‌కో అది చాలు, గురి తప్పుతుంది. కానీ సెకనుకు 3, 4 మీటర్ల వేగంతో గది అంత నోరు వచ్చి పడితే అర మీటరు ఎగిరి ఎక్కడికి పోతుంది? గుంపుగా ఉండటం చిన్న వేటగాళ్ల నుంచి కాపాడే ఎత్తు. తిమింగలానికి అదే వడ్డించిన విస్తరి.

గుంపు చిక్కదనం తెలియాలంటే: అంటార్కిటికా క్రిల్ ఘనపు మీటరుకు పది వేలకు పైగా చేరిన సందర్భాలున్నాయి. అంత చిక్కగా ఎప్పుడూ ఉండవు, ఆ అంకెను సగటుగా బోర్డు మీద వేయకండి.

#12 వలతాడు
బోర్డులో "చిన్న రొయ్యలు" అన్నది కూడా చూడండి. క్రిల్ రొయ్య కాదు. దూరపు చుట్టమే గానీ, జీవుల వర్గీకరణలో దాని క్రమమే (ఆర్డర్) వేరు. చేతిలో పెట్టుకుని తేడా చెప్పాలంటే మొప్పలు చూడాలి. రొయ్యకు మొప్పలు పెంకు కింద దాగి ఉంటాయి. క్రిల్‌కు పెంకు అంచు కింద కుచ్చుల్లా బయటికి వేలాడుతూ కనబడతాయి. రెండో గుర్తు దీపాలు. చాలా జాతులకు పది వెలుగు అవయవాలుంటాయి: కంటికాడల మీద ఒక జత, ఛాతీ కాళ్ల మొదళ్లలో రెండు జతలు, పొట్ట కింద వరసగా నాలుగు. ఒక్క లోతు సముద్రపు జాతికి మాత్రం అవి లేవు.

ఇంకోటి. నీలి తిమింగలం తినేదల్లా క్రిలే అని కూడా గట్టిగా రాయొద్దు. శ్రీలంక దగ్గరి నీలి తిమింగలాల పెంటలో డీఎన్ఏ చూస్తే అవి ప్రధానంగా సెర్జెస్టిడ్ రొయ్యలను తింటున్నాయని 2018లో తేలింది. అంటే నిజంగా "రొయ్యలు" తినేవి అక్కడున్నాయి, మీ బొమ్మలో ఉన్నది మాత్రం రొయ్య కాదు!

#13 బోర్డురాత
సరే, "రొయ్య" తీసేస్తాను. బోర్డు కింది భాగంలో "క్రిల్‌ను తినే ఇతర జంతువులు" అని బొమ్మల వరస ఉంది: పీతలు తినే సీల్, చిరుత సీల్, అడేలీ పెంగ్విన్, బూడిద తిమింగలం, రైట్ తిమింగలం, బాస్కింగ్ సొర, తిమింగల సొర. సరిపోతుందా?

#14 బలీన్‌జల్లెడ
మూడు తీసేయాలి.

బూడిద తిమింగలం ఎక్కువగా అడుగు బురదను ఒక పక్కకు వాలి పీల్చి, అందులోని ఆంఫిపాడ్లను (చిన్న పెంకుజీవులు) వడకట్టుకుంటుంది. దొరికితే క్రిల్ తింటుంది గానీ ఆ వరసకు అది ప్రతినిధి కాదు. రైట్ తిమింగలాల ముఖ్య ఆహారం కోపిపాడ్లు, బియ్యపుగింజ కంటే చిన్న పెంకుజీవులు. అందుకే దాని బలీన్ కుచ్చు చాలా సన్నం, పలకలు రెండు మీటర్లు దాటి పొడవు. నోరు తెరిచి సెకనుకు మీటరు వేగంతో మెల్లగా ఈదుతూనే ఉంటుంది, దూకదు. బాస్కింగ్ సొరదీ కోపిపాడ్ల మీదే బతుకు.

తిమింగల సొరను ఉంచవచ్చు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని నింగలూ దగ్గర అది ఉష్ణమండలపు చిన్న క్రిల్‌ను తింటుంది. బొమ్మ కింద మాత్రం "అంటార్కిటికా" అని వేయకండి.

#15 మంచుఅంచు
"పీతలు తినే సీల్" పేరే ఒక పాత పొరపాటు, అది పీతలు తినదు. దాని తిండిలో 90 శాతం దాకా క్రిలే. దవడ పళ్ల బొమ్మ పెద్దది వేయండి, చూసేవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఒక్కో పన్ను మీద నాలుగైదు వంకర మొనలుంటాయి. పై పళ్లు, కింది పళ్లు కలిస్తే మొనల మధ్య సన్నని సందులు మిగులుతాయి. నీటితో పాటు క్రిల్‌ను పీల్చి, నోరు మూసి, ఆ సందుల్లోంచి నీళ్లు వదులుతుంది. చిరుత సీల్ పళ్లలోనూ ఇదే ఏర్పాటు. పెంగ్విన్‌ను చీల్చే ముందరి పళ్లు వేరు, క్రిల్‌ను వడకట్టే వెనక పళ్లు వేరు.

పెంగ్విన్‌కు జల్లెడ లేదు. ఒక్కొక్కటిగా ముక్కుతో ఏరుకోవాలి. జారిపోకుండా నాలుక మీద, అంగిట్లో వెనక్కి వాలిన ముళ్లుంటాయి. క్రిల్ తిన్న పెంగ్విన్ల రెట్ట గులాబీ ఎరుపు. ఆ మరకలను బట్టే ఉపగ్రహ చిత్రాల్లో వాటి స్థావరాలను పట్టుకుంటున్నారు.

ఎగిరే పక్షులు, ఐస్‌ఫిష్, స్క్విడ్లు కూడా పెద్ద మొత్తంలో తింటాయి. ఒక్క బొమ్మకైనా చోటివ్వండి.

#16 కొత్తనీరు
ఇన్ని జంతువులు తింటుంటే క్రిల్ ఎలా మిగులుతోంది? తిమింగలాలను వేటాడి చంపేశాక క్రిల్ విపరీతంగా పెరిగి ఉండాలి కదా.

#17 ప్లవకప్రియ
1970లలో శాస్త్రవేత్తలు అనుకున్నదీ అదే. ఏటా 15 కోట్ల టన్నుల "మిగులు" ఉంటుందని లెక్కవేశారు. 20వ శతాబ్దంలో దక్షిణార్ధగోళంలో చంపినవి దాదాపు 20 లక్షల తిమింగలాలు. అంటార్కిటికా నీలి తిమింగలాలు 2.39 లక్షల నుంచి 1973 నాటికి 360కి దిగాయని ఒక అంచనా. తినే నోళ్లు పోయాయి, కానీ ఆ మిగులు మాత్రం కనబడలేదు.

కారణంగా ఎక్కువమంది చెప్పేది ఇనుము. దక్షిణ మహాసముద్రంలో నైట్రేటు, ఫాస్ఫేటు సమృద్ధిగా ఉన్నా ఇనుము చాలదు, అది లేక క్రిల్ తినే డయాటమ్‌లు (ఏకకణ ఆల్గే) ఎదగవు. క్రిల్ శరీరంలో ఇనుము ఉంటుంది. తిమింగలం దాన్ని తిని, తనకు అక్కర్లేని ఇనుమును పైనీళ్లలోనే పెంటగా వదులుతుంది. ఆ పెంటలో ఇనుము చుట్టూ ఉన్న సముద్రపు నీటికంటే కోటి రెట్లు ఎక్కువని 2010లో కొలిచారు. తిమింగలం పోతే ఆ ఎరువు తిరగడం ఆగి, క్రిల్‌కు మేత తగ్గుతుంది. #4లో చెప్పిన అధ్యయనమే వేటకు ముందు దక్షిణ మహాసముద్రపు తిమింగలాలు ఏటా 43 కోట్ల టన్నుల క్రిల్ తినేవని అంచనా వేసింది. ఇప్పుడున్న క్రిల్ మొత్తానికి ప్రసిద్ధమైన అంచనా 37.9 కోట్ల టన్నులు. పక్కపక్కన పెట్టి చూడండి.

#18 వలతాడు
పక్కపక్కన పెట్టేముందు ఒక హెచ్చరిక. 37.9 ఒక సమయంలో ఉన్న నిల్వ. 43 ఏడాదిలో తిన్న మొత్తం. నిల్వ ఏటా పెరిగి నిండుతుంటుంది కాబట్టి ఈ రెంటినీ నేరుగా పోల్చలేం. ఇనుము కథ నాకూ నచ్చుతుంది, కానీ క్రిల్ తగ్గుదలను చెప్పే పాత వల లెక్కలు గందరగోళం. ఒక్కో దేశం వల నోరు వేరు, కన్ను వేరు, లాగిన లోతు వేరు, రాత్రో పగలో కూడా వేరు. పగటిపూట క్రిల్ వలను చూసి తప్పుకుంటుంది. దక్షిణ మహాసముద్రంలో అట్లాంటిక్ వైపు 1970ల నుంచి బాగా తగ్గిందని ఒక బృందం, వలల తేడాలు సరిచేస్తే తగ్గుదల కనబడదని ఇంకో బృందం రాసుకున్నాయి.

#19 ఎకోగీత
శబ్దంతో కొలిచినా ఇబ్బందులున్నాయి. 38, 120 కిలోహెర్ట్జ్‌ల వద్ద ప్రతిధ్వని పోల్చుతారు. క్రిల్ 120 దగ్గర బాగా బలంగా పలుకుతుంది. గాలి తిత్తి ఉన్న చేపకు ఆ తేడా ఉండదు. ఆ తేడాతోనే తెర మీద క్రిల్‌ను వేరు చేస్తారు. తప్పులు వచ్చేది ఇక్కడ: క్రిల్ ఏ వాలులో ఈదుతోంది అన్నదాన్నిబట్టి ప్రతిధ్వని మారుతుంది. పడవ అడుగుకు పైన ఉన్న నీటిపొర అసలు కనబడదు. 3,000 మీటర్లు దాటిన లోతులోనూ క్రిల్ కనబడింది, అది ఈ లెక్కలోకి రాదు.

2000లో అట్లాంటిక్ వైపు చేసిన పెద్ద సర్వే మంచి ఉదాహరణ. మొదటి లెక్క 4.43 కోట్ల టన్నులు. తర్వాత ప్రతిధ్వని నమూనా మెరుగుపరిచి అదే రికార్డింగును మళ్లీ లెక్కిస్తే 6.03 కోట్లు. సముద్రంలో ఒక్క క్రిల్ కూడా మారలేదు! అంటార్కిటికా సముద్రజీవుల పరిరక్షణకున్న అంతర్జాతీయ సంస్థ CCAMLR క్రిల్ వేటకు పెట్టిన పరిమితి 56.1 లక్షల టన్నులు ఈ 6.03లో 9.3 శాతంగానే వచ్చింది. అయితే నిజంగా అమల్లో ఉన్న హద్దు 6.2 లక్షల టన్నులే. అంతకు మించి పట్టాలంటే ముందు ఏ చోట ఎంత అన్నది పంచుకోవాలి.

#20 మంచుఅంచు
ఆ పంపకమే పెంగ్విన్లకు ముఖ్యం. మొత్తం తక్కువే అయినా పడవలన్నీ పిల్లలను పెంచే స్థావరం ముందే నిలబడితే చాలు. తల్లి పెంగ్విన్ ఈది వెళ్లి రాగల దూరంలోనే మేత ఉండాలి. 6.2 లక్షలను నాలుగు భాగాలుగా పంచే నిబంధన గడువు 2024లో తీరింది, కొత్తదానికి CCAMLR సభ్యదేశాలు ఒప్పుకోలేదు. 2025లో మొత్తం హద్దు నిండి సీజను ముందే మూసేశారు.

#21 ప్లవకప్రియ
బోర్డులో ఇంకో చోటు మిగిలితే క్రిల్ కుంచించుకుపోవడం గురించి పెట్టండి. తిండి లేకపోతే అది పెంకు మార్చుకున్న ప్రతిసారీ ముందుకంటే చిన్న పెంకు వేసుకుంటుంది. 1982లో వచ్చిన ప్రయోగంలో 200 రోజులకు పైగా ఆకలితో ఉంచితే బతికాయి, కుంచించుకుపోయి. అందుకే పొడవును బట్టి వయసు చెప్పలేం. కంటికాడలోని వలయాలు లెక్కపెట్టే పద్ధతి ఈమధ్య వచ్చింది. ఎదిగినవాటికి ఇలా కుంచించుకుని బతికే ఉపాయం ఉంది. లార్వాలకు లేదు. మొదటి చలికాలం మంచు అడుగున అంటుకున్న ఆల్గేను గోక్కుని తింటేనే బతుకుతాయి. మంచు ఆలస్యంగా కడితే ఆ ఏడాది తరం పల్చబడుతుంది.

#22 బోర్డురాత
సరిచేసిన వాక్యం: "కాలిఫోర్నియా తీరం వైపు మేసే నీలి తిమింగలం, మేత బాగా దొరికే రోజున 16 టన్నుల దాకా క్రిల్ తింటుంది. ఒక్కో క్రిల్ 0.1 గ్రాము అయితే అది 16 కోట్లు." బొమ్మ కూడా 2 సెం.మీ. జాతిదే పెడుతున్నాం. అంటార్కిటికా క్రిల్ బొమ్మను సీల్ పళ్ల పక్కకు మార్చాం.

#23 అలలలెక్క
గుణకారం సరిపోయింది. "దాకా" తీసేసి "సుమారు" అనండి, 16 గరిష్ఠం కాదు, మధ్య అంచనా. 20 టన్నులకు చేరిన రోజులూ ఉంటాయి.

#24 వలతాడు
బొమ్మలో మొప్పలు బయటికి కనబడేలా గీయించండి. చిత్రకారులు అలవాటుకొద్దీ వాటిని పెంకు కిందికి నెట్టేస్తారు, అప్పుడది మళ్లీ రొయ్యే.